ఊడ్వని చోటు

ఆ పొద్దుట ఆకాశం పడమట నల్లగా, తూర్పున తెల్లగా ఉంది. నడుమ ఎవరో తాడు పట్టి గీసినట్టు రెండూ కలవకుండా నిలబడ్డాయి. ఉరుము లేదు, గాలి లేదు. లారీ వెనక బల్లమీద కూర్చున్న వీరాస్వామి తలెత్తి ఆ గీతనే చూస్తూ వచ్చాడు. బుకిట్ పంజాంగ్ ఫ్లాట్ల మధ్య, పైవంతెన మీద చిన్న రైలు లైట్లు వేసుకుని పోతోంది. దాని కిటికీల నిండా నిద్రమొహాలు. లారీలో అంతకంటే నిద్రమొహాలు.

"వాన పడుద్దంటావా?" అన్నాడు పక్కనున్న తిరుమల, కళ్ళు తెరవకుండానే.

"ఇప్పట్లో పడదు."

"నీకు ఫోన్లో వచ్చిందా?"

వీరాస్వామి మళ్ళీ పైకి చూశాడు. నల్ల మబ్బు కింది అంచు పీచుపీచుగా వేలాడటం లేదు, కత్తెరతో కోసినట్టుంది. అలాంటి మబ్బు తొందరపడదు. అది చెప్పినా తిరుమల నవ్వుతాడు.

అడవిని ఆనుకుని ఉన్న పార్కు దగ్గర లారీ ఆగింది. సూపర్‌వైజర్ సురేన్ ముందు సీట్లోంచి దిగి పనులు పంచాడు. ముప్పై అయిదేళ్ళవాడు, పుట్టింది మలేసియాలో. ఇంట్లో తాతలనాటి తెలుగు కొంత మిగిలింది గాని దానికి తమిళమూ ఇంగ్లీషూ అతుకులు పడ్డాయి, మాట చివర ఇక్కడివాళ్ళ 'లా' చేరింది.

"వీరా, నీకు కింద ట్రాక్. ఒక్క ఆకు ఉండకూడదు లా. నిన్న ఎవరో ఆంటీ ఫోన్ చేసింది, ఆకుల్లో దోమలు అని."

"సరే సార్."

ఆకులు ఊదే బ్లోయర్ వీపుకి తగిలించుకుని వీరాస్వామి దిగువకి నడిచాడు. మెషిన్ అరుస్తుంటే తడి ఆకులు ముందు కదలవు, తర్వాత ఒక్కసారిగా మందలా లేచి పరిగెడతాయి. వాటిని ఒకవైపు తోలుతూ, వంపు తిరిగేచోట కాసేపాగి కుప్ప చేస్తూ, కాలువ దాకా వచ్చాడు. కాలువకి పది అడుగుల ముందే మెషిన్ ఆపేశాడు. అక్కణ్ణుంచి చీపురు.

కాలువ అవతల పెద్ద చెట్టు మొదట్లో, రెండు నులకమంచాలు వేసినంత మేర, ఆకులు అలాగే ఉన్నాయి. ఎవరూ వదిలెయ్యమని చెప్పలేదు. తొమ్మిది రోజులుగా అతనే వదిలేస్తున్నాడు. ఆ చోట నేల ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది, ఆకులకింద పురుగుంటుంది, పురుగుకోసం అది వస్తుంది.

అది ఆ రోజూ వచ్చింది. ముందు ఒక ఆకు తిరగబడింది. గాలి లేకుండా ఆకు తిరగబడటం చూసి వీరాస్వామి చీపురు ఆపకుండా, ఊపు మార్చకుండా, కంటి కొసతో చూశాడు. గోధుమరంగు తల, దానికి నల్లటి చార, రొమ్ము పచ్చిశెనగపిండి రంగు. రెండు గెంతులు గెంతి, రెక్క విదిలించింది. ఆ విదిలింపులో నీలం మెరిసి ఆరిపోయింది. తోక కింద ఎరుపు. పలాస పక్కన జీడితోటల్లో, దీని అక్కచెల్లెలు లాంటిది, ఏడాదికి రెండుసార్లు కనబడేది. మనిషి చూపు నిలిస్తే చాలు, మాయమయ్యేది.

ఇక్కడ మాత్రం అతని పచ్చ జాకెట్‌కి అలవాటు పడింది. రోజూ అదే రంగు, అదే నడక, అదే చీపురు చప్పుడు.

ఆ పిట్ట ఫొటోకోసం ఎనిమిదిమంది అంకుళ్ళు పైన చెక్కవంతెన దగ్గర వారం రోజులుగా కాపు కాస్తున్నారు. చేతి పొడవు లెన్సులు, వాటికి ఆకుల బొమ్మల గుడ్డ తొడుగులు, మడత స్టూళ్ళు. కాఫీకి వెళ్తే చోటు 'చోప్' చేసుకోవడానికి, అంటే ఇంకొకరు ఆక్రమించకుండా, గొడుగు పెట్టి వెళ్తారు. ఎవరో ఎప్పుడో అక్కడ చూశారట, అందుకని అక్కడే. చీపురు పట్టుకుని రోజూ తమ ముందునుంచి పోయేవాణ్ణి వాళ్ళు ఏమీ అడగలేదు. వీరాస్వామీ చెప్పలేదు.

వాళ్ళకి కొంచెం ఎడంగా ఒక డెబ్బయ్యేళ్ళ మనిషి నిలబడేవాడు. సన్నగా, నల్లగా, తలమీద గుడ్డ టోపీ. కెమెరా ఎత్తినప్పుడల్లా చేతులు వణికేవి.

"నారా అంకుల్ ఫొటోలు ఫొటోలు కాదు లా, పెయింటింగ్‌లు," అని ఒక చైనీస్ అంకుల్ ఇంగ్లీషులో అంటే మిగతావాళ్ళు నవ్వారు. ముసలాయన కూడా నవ్వాడు. నవ్వి, ఫోను చెవికి పెట్టుకుని పక్కకి వచ్చాడు.

"ఇంకా లేదే కమలం. ఏటి సెయ్యమంటావు? అది నా సుట్టమేటి, రమ్మంటే రాడానికి?"

వీరాస్వామి చీపురు ఆగిపోయింది. అది వాళ్ళ నాయనమ్మ మాట. మాటే కాదు, చివర ఆ సాగదీత కూడా.

"పెద్దయ్యా, మీదే ఊరు?"

ముసలాయన ఉలిక్కిపడి చూశాడు. "మనోడివేటి? నాది మలేసియా, పెరాక్ రాష్ట్రం. మా తాతది సికాకోలు పక్క. ఊరి పేరు మా నాయనే మర్సిపోనాడు. ఇప్పుడు ఇక్కడే, టోవా పాయోలో ఉన్నాం. నారాయణస్వామి అంటారు. మకాన్ అయినాదా, తిన్నావా?"

"అయిందండి. మాది పలాస దగ్గర." వీరాస్వామి అటూఇటూ చూసి, గడ్డంతో దిగువకి చూపించాడు. "మీరు నిలబడ్డ కాడికి అది రాదు. అక్కడ ఎండిపోయి ఉంది. నాతో రండి. కర్రల స్టాండు ఇక్కడే ఒగ్గీండి."

కాలువ గట్టుమీద ఆయన్ని కూర్చోబెట్టాడు. ఎత్తుగా ఉంటే దానికి అనుమానం. కూర్చున్న మనిషంటే రాయి. పావుగంట తర్వాత ఆకు తిరగబడింది. నారాయణస్వామి ఊపిరి బిగబట్టి కెమెరా ఎత్తాడు. టకటక టకటక. పిట్ట తల వంచి విని, గెంతి, నాచు దుంగ చాటుకి పోయింది.

ముసలాయన తెర చూసుకున్నాడు. ఒక్కొక్కటే జరుపుతూ చివరిదాకా చూశాడు. తర్వాత తెరని కడుపుకి ఆనించి పట్టుకున్నాడు, వీరాస్వామికి కనబడకుండా.

"చీకటిగా ఉంది," అన్నాడు. "ఈ చెట్టుకింద చీకటి. అది రెండు క్షణాలు కదలకుండా నిలబడితే... నాలుగేళ్ళయింది అబ్బాయ్, దీని ఎనకాల పడి." కాసేపాగి నవ్వాడు. "ఇంగ్లీషోడి పుస్తకంలో కూడా దీని పేరు పిట్టే. మన మాటే ఎత్తుకుపోనాడు."

"పిట్టని పిట్ట అనక ఏటంతాడు," అన్నాడు వీరాస్వామి, చీపురు అందుకుంటూ.

మర్నాడు బుధవారం. నారాయణస్వామి అందరికంటే ముందే వచ్చి కాలువ గట్టుమీద కూర్చున్నాడు. వీరాస్వామి దగ్గరికి వచ్చేసరికి, చెట్టు కొమ్మల సందులోంచి కాస్త వెలుతురు పడేచోట, దుంగ ముందు, తెల్లటి ప్లాస్టిక్ మూత కనబడింది. అందులో పసుప్పచ్చ పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. పెంపుడు పిట్టల షాపులో అమ్మే పురుగులు. మిగతావి ఉన్న డబ్బా ముసలాయన కాలి పక్కన ఉంది.

"ఏటిది పెద్దయ్యా?"

"ఒక్కసారి. ఒక్క ఫొటో. అయిపోగానే తీసేస్తాను." ఆయన అతని మొహంలోకి చూడలేదు.

పార్కు గేటు దగ్గర బోర్డు ఉంది. పిట్ట బొమ్మ, మేత బొమ్మ, వాటిమీద అడ్డంగా ఎర్రగీత. చదువు రానివాడికీ అర్థమయ్యే బోర్డు. వీరాస్వామి ఆ వైపు ఒకసారి చూశాడు. తర్వాత ఆ వణికే వేళ్ళని చూశాడు. వంపు దాటి పైకి ఊడ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

తిరిగి వచ్చేసరికి ముసలాయన లేచి నిలబడి ఉన్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. వీరాస్వామి మణికట్టు పట్టుకున్నాడు. ఆ వణుకు ఇతని చేతిలోకి కూడా దిగింది.

"సూడు."

తెరమీద పిట్ట. మెడ నిక్కించి, ఒంటికాలు కొంచెం ఎత్తి, రెక్క సగం విప్పింది. నీలం మీద వెలుతురు నీళ్ళు చల్లినట్టుంది. కంటిలో చుక్క కూడా స్పష్టంగా కనబడుతోంది.

"బాగుంది," అన్నాడు వీరాస్వామి. నిజంగానే బాగుంది.

అప్పుడే వాన దిగింది. మొదటి చుక్కే బొటనవేలంత. నారాయణస్వామి కెమెరాని పసిపిల్లలా చొక్కాలో చుట్టుకుని, మూత తీసి సంచీలో కుక్కుకుని, షెల్టర్‌వైపు పరుగులాంటి నడక నడిచాడు. డబ్బా అక్కడే ఉండిపోయింది.

గంటసేపు కురిసి వెలిసింది. వీరాస్వామి నల్లసంచీ పట్టుకుని చెత్త ఏరుతూ వచ్చాడు. టిష్యూలు, కాఫీ కప్పు, ఆ డబ్బా. డబ్బాలో వాననీళ్ళు, నీళ్ళలో సగానికి పైగా పురుగులు. మునుగుతూ ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతున్నాయి. సంచీ మూతి తెరిచాడు. డబ్బా వంచబోయి ఆగాడు. సంచీ మూతి కట్టేస్తారు, లారీ ఎక్కిస్తారు, అక్కణ్ణుంచి ఈ దేశంలో చెత్తంతా మంటలోకే పోతుంది. బతికున్నవాటిని ప్లాస్టిక్‌లో మూటకట్టి పంపటానికి చెయ్యి రాలేదు. మోకాళ్ళమీద కూర్చుని, ఆకులు పక్కకి తీసి, మట్టిమీద డబ్బా వంచాడు. మళ్ళీ ఆకులు కప్పి అరచేత్తో నొక్కాడు. తలెత్తితే దుంగమీద, రెండు చేతుల దూరంలో, పిట్ట నిలబడి ఉంది. అతను కదల్లేదు. అదీ కదల్లేదు.

వెనక ఫోను క్లిక్‌మంది. పరుగు బట్టల్లో ఒకావిడ, జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

"యూ కెనాట్ ఫీడ్ దెమ్!"

"నో మేడమ్. క్లీనింగ్," అన్నాడు వీరాస్వామి, చేతిలో ఖాళీ డబ్బాతో. ఆవిడ అప్పటికే పరిగెత్తడం మొదలెట్టింది.

గురువారం పొద్దున్న లారీ ఎక్కబోతుంటే సురేన్ భుజమ్మీద చెయ్యి వేసి పక్కకి తీసుకెళ్ళాడు. ఫోను చూపించాడు. మోకాళ్ళమీద వీరాస్వామి, జాకెట్ వీపున కంపెనీ పేరు, చేతిలో డబ్బా, ఎదురుగా పిట్ట. ఎంత చక్కగా వచ్చిందంటే, ఎనిమిదిమంది అంకుళ్ళూ వారం రోజులు కూర్చున్నా అలా రాలేదు.

"ఇది రాత్రే ఆఫీసుకి వచ్చింది. కంప్లెయింట్. ఇంకా ఏం రాశారో తెలుసా? ఈ క్లీనర్ కావాలని ఆ చోటు ఊడవడు, పిట్టని మేపుతాడు, ఫొటోలవాళ్ళని పిలుచుకొచ్చి టిప్స్ పుచ్చుకుంటాడు అని. నిన్ను ఒక అంకుల్‌తో చూశారట. నిజమా?"

"టిప్స్ అబద్ధం సార్."

"మిగతాది?"

"ఊడవనిది నిజం. డబ్బా నాది కాదు. కింద ఉంది."

"ఎవరిది?"

వీరాస్వామి బూటుకి అంటిన మట్టిని రెండో బూటుతో గీకాడు.

"వీరా, విను. నీ పర్మిట్ ఈ నెలాఖరు. రెన్యూవల్ కాగితం ఆఫీసు టేబుల్ మీద ఉంది. ఇది ఇలా ఉండగా వాళ్ళు సంతకం పెట్టరు లా. పెట్టకపోతే టికెట్ కొని పంపేస్తారు. రేపు మధ్యాహ్నంలోగా స్టేట్‌మెంట్ రాసి ఇవ్వు. పేరు రాయి. అప్పుడు నేను మాట్లాడగలను. అప్పటిదాకా నువ్వు యార్డులోనే, బయటి పని వద్దు."

యార్డు అంటే మెషిన్లు కడిగే రేకుల షెడ్డు. వీరాస్వామి రోజంతా గడ్డి మెషిన్ల బ్లేళ్ళకి పట్టిన పసరు గీకుతూ కూర్చున్నాడు. సాయంత్రం లారీ తిరిగి వచ్చాక తిరుమల అతని ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"ఆ ముసలాయన పేరు చెప్పెయ్యి. నీకేమన్నా మేనమామా?"

"నానే కదా చోటు చూపించినాను."

"చూపిస్తే? పురుగులు నువ్వు తెచ్చావా?"

"మట్టిలో పోసింది నానే."

"పోసింది నువ్వే, చూపింది నువ్వే, పోయేదీ నువ్వే. బాగుంది." తిరుమల లేచి రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "నోరు లేని పిట్టకి నోరు లేని మనిషి దొరికాడు."

ఆ సాయంత్రం ఊరినుంచి అతని భార్య బాలనాగమ్మ ఫోన్ చేసింది. ఆమె ప్రతిసారీ ముందు అడిగేది అదే. "కాగితం వచ్చిందేటి?"

"వస్తాది."

"గొంతు అదోలా ఉంది."

"దుమ్ము. బ్లేళ్ళు గీకినాను."

ఆమె మాట మార్చింది. చిన్నది కొత్త చెప్పులు తెగ్గొట్టుకుంది అని చెప్పింది. అతను "ఊఁ" అన్నాడు.

శుక్రవారం పొద్దున్న షెడ్డులో బల్లమీద తెల్లకాగితం పెట్టుకుని కూర్చున్నాడు. రాయడానికి రెండే వాక్యాలు వచ్చాయి. 'డబ్బా నాకు కింద దొరికింది. పురుగులు బతికి ఉన్నాయి కాబట్టి మట్టిలో పోశాను.' చదువుకున్నాడు. ఆయన పేరు ఎక్కడ రాయాలో చోటు ఉంది. రాస్తే నమ్ముతారో లేదో తెలియదు. పెద్దలెన్సు పెట్టుకుని తిరిగే మనిషికీ చీపురు పట్టుకునే మనిషికీ మధ్య మాట వస్తే ఎవరి మాట నిలుస్తుందో మాత్రం తెలుసు. అది కూడా అసలు కారణం కాదు. ఆయన తెరని కడుపుకి ఆనించి దాచుకోవడం కళ్ళముందు నుంచి పోవడం లేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పైపు విప్పి బ్లోయర్ కడగటం మొదలుపెట్టాడు.

పదకొండు దాటాక సురేన్ వ్యాను యార్డులోకి వచ్చింది. ముందు సీట్లోంచి నారాయణస్వామి దిగాడు. తల మీద టోపీ లేదు, గడ్డం గీసుకోలేదు. వెనక తలుపు తీసుకుని ఒక పెద్దావిడ దిగింది. చేతిలో మూడు గిన్నెల క్యారియరు.

"ఇతనేనా ఆ అబ్బాయి?" అంది ఆవిడ, వీరాస్వామిని కిందినుంచి పైదాకా చూసి. "నేను కమలం. ఈ మనిషి పెళ్ళాన్ని. చెప్పుకోడానికి సిగ్గుగా ఉందనుకో."

"కమలం, ఉండు," అన్నాడు నారాయణస్వామి.

"ఉన్నాను కదా, రెండు రోజులు ఉన్నాను. ఇంట్లో ఒకటే పాట, ఫొటో ఫొటో అని. పొద్దున్న అచ్చు వేయించి ఈ అబ్బాయికి ఇస్తానని పోనాడు. ఇంకో అబ్బాయి, తిరుమలంట, జరిగింది చెప్పి నాలుగు తిట్టినాడు. ఈయన ఇంటికొచ్చి మంచమెక్కేసినాడు. దిగు, సొక్కా తొడుక్కో, పద అన్నాను. పార్కుకి పోయి ఈ సురేన్‌ని పట్టుకున్నాం."

నారాయణస్వామి ఎవరినీ చూడకుండా బల్లమీద కెమెరా పెట్టాడు.  మీట రెండుసార్లు తప్పి మూడోసారి దొరికింది.

"సురేన్, ఇలా రా. టైము చూడు. బుధవారం, ఏడూ ముప్పై ఆరు." తెరమీద దుంగ, దాని ముందు తెల్లటి మూత, మూత పక్కన ఒక చెయ్యి. ఉంగరం ఉన్న ముసలి చెయ్యి. "వెలుతురు సరిపోయిందా లేదా అని నేనే నా చేతిని తీసుకున్నాను. ఇది ఏడూ నలభై. పిట్ట ముక్కులో పురుగు. ఆ రన్నింగ్ అమ్మాయి తీసింది ఎన్నింటికి?"

"తొమ్మిదీ యాభై," అన్నాడు సురేన్, ఫోను చూసి.

"అదీ సంగతి. పురుగులు నావి, డబ్బా నాది. వద్దు అన్నట్టు బోర్డుకేసి చూసినాడు ఇతను. నేనే వినలేదు. ఇవన్నీ మీ ఆఫీసుకి పంపించు. పార్కువాళ్ళకి నేనే పోయి చెప్తాను, ఏం వేస్తే అది వెయ్యనీ."

ఆయన ఇంకొకసారి మీట నొక్కాడు. రెక్క విప్పిన పిట్ట వచ్చింది. షెడ్డు చీకట్లో ఆ నీలం ఇంకా లోతుగా కనబడింది.

"అంకుల్, ఈ ఫొటో నిన్న గ్రూపుల్లో చూశాను," అన్నాడు సురేన్ మెల్లగా. "అందరూ తెగ మెచ్చుకున్నారు. ఇది కూడా పంపాలా? ఆ రెండూ చాలు లా."

"దీని కిందే రాశాను, పొద్దున్న. మేత వేసి తీసింది అని. ఇది కూడా పంపు."

"ఆ తర్వాత వచ్చిన తిట్లు నేనే చదివి పెట్టాను," అంది కమలం. "కళ్ళజోడు దొరకలేదన్నాడు."

సురేన్ ఫోను పట్టుకుని వ్యాను వెనక్కి వెళ్ళాడు. ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడు. ఒకసారి గొంతు పెరిగింది, ఒకసారి తగ్గింది. చాలాసేపు "ఎస్, ఎస్" అన్నాడు. వీరాస్వామి చేతిలో పైపులోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఆపాలని తోచలేదు. బ్లోయర్ మీదనుంచి పసరు రంగు నీళ్ళు సన్నగా కాలువలోకి పోతున్నాయి.

సురేన్ వచ్చాడు. "స్టేట్‌మెంట్ రాశావా?"

వీరాస్వామి జేబులోంచి మడత తీసి ఇచ్చాడు. సురేన్‌కి తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. కాగితాన్ని నిలువుగా పట్టుకుని రెండు పంక్తులకేసి చూశాడు.

"ఇందులో అంకుల్ పేరు ఉందా?"

"లేదు సార్."

కమలం మొగుడివైపు చూసింది. నారాయణస్వామి తల దించుకున్నాడు.

"సరే. ఇంక ఇది అక్కర్లేదు." సురేన్ కాగితం నాలుగు ముక్కలు చేశాడు. "రెన్యూవల్‌కి సంతకం పెట్టేస్తామన్నారు. సోమవారం పోతుంది కాగితం. ఆ ఊడవని చోటు సంగతి కూడా అడిగాను. పార్కువాళ్ళతో మాట్లాడి, చుట్టూ తాడు కడతారట, పిట్ట వలస పోయేదాకా ఎవరూ లోపలికి వెళ్ళకూడదు, ఊడవకూడదు. ఇంక ఆంటీలు ఫోన్ చేస్తే నేను చెప్పుకుంటాను."

 వీరాస్వామి బ్లోయర్ పట్టుకున్నాడు. రెండు రోజులుగా ఛాతీలో బిగబట్టుకున్న గాలి ముక్కులోంచి పొడుగ్గా బయటికి పోయింది. దాని చప్పుడు అతనికే వినబడింది.

"అయితే రేపు లారీ ఎక్కొచ్చా సార్?"

"కెన్, కెన్. రేపే ఎక్కు."

అతను వంగి పైపు కట్టేశాడు. ఆ వంగినప్పుడు మొహం తుడుచుకున్నాడు, నీళ్ళు చిందినట్టు.

"పెద్దయ్యా," అన్నాడు లేచి.  నారాయణస్వామి కూడా నోరు తెరిచాడు. 

"చాల్లే," అంది కమలం. "అన్నం వేళయింది. కూకోండి."

ఖాళీ పెయింటు డబ్బాలు బోర్లించి నలుగురూ కూర్చున్నారు. కమలం క్యారియరు విప్పింది. చేపల పులుసు, ఎండు నెత్తళ్ళ సంబల్ కారం, అన్నం. వీరాస్వామి గోడ కొక్కేనికి తగిలించిన తన పొట్లం తెచ్చుకున్నాడు. క్యాటరింగ్‌వాడు తెల్లవారుజామున అయిదింటికి ఇచ్చిపోయిన అన్నం, పప్పు. ఈపాటికి చల్లబడి గడ్డకట్టింది. విప్పబోతుంటే నారాయణస్వామి చెయ్యి చాచి ఆ పొట్లం తీసుకున్నాడు. తన ముందు పెట్టిన వేడి అన్నం గిన్నె వీరాస్వామి ముందుకి జరిపాడు.

వీరాస్వామి వద్దనబోయాడు. ముసలాయన అప్పటికే పొట్లం విప్పి, గడ్డకట్టిన అన్నాన్ని వేళ్ళతో చిదిపి పప్పుతో కలుపుతున్నాడు. మొదటి ముద్ద నోటిదాకా పోయేలోపు రెండు మెతుకులు ఒళ్ళో పడ్డాయి. వాటిని ఏరుకుని తిన్నాడు.

కమలం చేప తలకాయ వీరాస్వామి గిన్నెలో వేసింది. సురేన్ సంబల్ గిన్నె అందరి మధ్యకి జరిపాడు. రేకుమీద ఎండ చిటపటమంటోంది. నలుగురూ తలలు వంచుకుని తిన్నారు.